పశ్చాత్తాపపడగలిగితే? పశ్చాత్తాపపడదలిస్తే?

సందేహం: ఆంగ్ల నాటకకర్త మార్లో రాసిన ‘డాక్టర్ ఫాస్టస్’ నాటకాన్ని తెలుగు చేస్తున్నాను. సైతానుకు ఆత్మను అమ్ముకున్న పండితుడి కథ అది. ఆ ఫాస్టస్‌తో మంచి దేవదూత అనే మాటను ‘పశ్చాత్తాపపడగలిగితే ఎన్నటికీ ఆలస్యం కాదు’ అని రాశాను. ఒక మిత్రుడు దాన్ని ‘పశ్చాత్తాపపడదలిస్తే’ అని దిద్దారు. రెండూ ఒకటే కదా, ‘పశ్చాత్తాపపడితే’ అని సరిపెట్టవచ్చా?

సమాధానం: దయచేసి సరిపెట్టకండి. ఆ నాటకంలోని బరువంతా అక్కడే ఉంది.

వ్యాకరణం వరకు రెండూ ఒకే తీరువి. ‘పడన్’ (పడటానికి) అనే తుమున్నర్థకం మీద ‘కలుగు’, ‘తలచు’ చేరి, ద్రుతం (చివరి ‘న్’) మీది పరుషాలు (క, త) సరళాలై (గ, ద) ‘గలుగు’, ‘దలచు’ అయ్యాయి. అర్థంలోనే ఎడం. మొదటిది శక్తిని చెబుతుంది, రెండోది సంకల్పాన్ని. ‘రాగలిగితే వస్తాడు’ అంటే అడ్డు బయట ఎక్కడైనా ఉండవచ్చు. ‘రాదలిస్తే వస్తాడు’ అంటే ఉన్న అడ్డల్లా అతని మనసే.

మీరిద్దరూ వేర్వేరు పాఠాలు చూసి ఉండవచ్చు. మార్లో 1593లో మరణించాడు. నాటకం 1604లో ఒక పాఠంగా, 1616లో మరో పాఠంగా అచ్చయింది. ఈ వాక్యంలో మొదటి దానిలో ‘కెన్’ (గలుగు), రెండో దానిలో ‘విల్’ (తలచు) అనే ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. ఎవరికి రక్షణో దేవుడు ముందే నిర్ణయించాడనీ, పశ్చాత్తాపం కూడా ఆయన కృప ఉంటేనే కలుగుతుందనీ ప్రొటెస్టెంటు మతాచార్యుడు కాల్విన్ బోధ. మార్లో చదివిన కేంబ్రిడ్జిలో దాని మీద తీవ్రమైన వాదాలు నడిచాయి. ఆ నేపథ్యంలో ‘పడగలిగితే’ అన్న మాట భయపెడుతుంది: ఆ శక్తి ఫాస్టస్‌కు అసలు దక్కిందా? ‘పడదలిస్తే’ అంటే భారం పూర్తిగా అతని మీదే పడుతుంది.

దీనికి కాస్త ముందే ఫాస్టస్ తన గుండె బండబారిందనీ, పశ్చాత్తాపపడలేననీ అంటాడు. అక్కడ రెండు పాఠాల్లోనూ ‘లేను’ అనే ఉంది. దాన్ని ‘పడను’ చేయకండి. అయితే 1616 పాఠంలో ఆ ‘లేను’ తరువాత దేవదూత ‘దలిస్తే’ అంటున్నాడు. ఫాస్టస్ చెప్పిన అశక్తతను ఒప్పుకోవడం లేదన్నమాట. నాకు ఆ దేవదూతే సబబనిపిస్తుంది. సైతానుతో ఒప్పందాన్ని తన నెత్తురుతో రాస్తుండగా అది గడ్డకట్టి ఆగిపోయింది. మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం తెచ్చిన నిప్పుతో కరిగించుకుని మరీ రాసినవాడు ఫాస్టస్.

తెలుగు బైబిలులోని ‘మారుమనస్సు పొందు’ కూడా వాడవచ్చు. ‘పొందు’లో ఒకరు ఇస్తే తీసుకోవడమనే ఛాయ ఉంది కనుక 1604 పాఠానికి బాగా నప్పుతుంది. ‘తలచుకుంటే’ మాత్రం వద్దు. ‘నువ్వు తలచుకుంటే ఎంతసేపు!’ అన్నప్పుడు శక్తి ఉందని ముందే ఒప్పుకున్నట్టు. 1616 పాఠం కూడా అంత హామీ ఇవ్వదు.