పిల్లలున్న ఇంటికి ఏ కోడి మంచిది

అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. కోవూరు దగ్గర కొత్తింటి వెనక పెరడు ఖాళీగా ఉంది, ఆరేడు కోళ్లు పెంచుకోవాలనుంది, ఏ రకం తెచ్చుకోమంటావు అని అడిగావు. చాలా సంతోషం. యూట్యూబ్‌లో చూసి మీ ఆయన కడక్‌నాథ్ తెద్దామంటున్నాడని కూడా చెప్పావు. ఆ తొందర కాస్త ఆపమను.

కోళ్ల గురించి అడిగేవాళ్లు ముందు ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుందనే అడుగుతారు. మీ ఇంట్లో నాలుగేళ్ల పాప, ఏడేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో మీ అత్తగారు ఉన్నారు. సాయంత్రం కోళ్లను గూట్లోకి తోలేది ఎక్కువగా ఆవిడే. కాబట్టి మీరు మొదట చూడాల్సింది కోడి గుణం. పిలిస్తే వచ్చేది, ఎత్తుకుంటే ఊరుకునేది, పిల్లల మీదికి ఎగరనిది కావాలి. గుడ్ల లెక్క ఆ తర్వాత.

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా వైపు కోడి. ఈకలు, చర్మం, మాంసం అన్నీ నలుపే. 2018లో దాని మాంసానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మంచి జాతే, ఎండకు తట్టుకుంటుంది. కానీ బెదురు ఎక్కువ. మనిషి అలికిడి అయితే చాలు, పరుగు పెట్టి కంచె ఎక్కుతుంది. గుడ్లు తక్కువ, పొదగడం మీద శ్రద్ధ కూడా తక్కువే. దాన్ని పట్టుకోవడానికి మీ అత్తగారు పెరడంతా తిరగలేరు. మాంసానికి ధర బాగా పలుకుతుందనే మాట నిజమే, కానీ మీరు పెంచేది అమ్మకానికి కాదు కదా.

జాతి కోడి, అంటే అసీల్ సంగతి చాలామందికి సరిగ్గా తెలియదు. పందెం కోడి కాబట్టి మనుషుల మీదికి వస్తుందనుకుంటారు. నిజానికి అసీల్ మనిషికి బాగా మచ్చికవుతుంది. డేగ, కాకి, నెమలి, పింగళ అని రంగును బట్టి పేర్లు పెట్టి, ఒళ్లు నిమిరి, చేతిలో పెట్టి తినిపించి పెంచిన పుంజులు చంకలో పెట్టుకుంటే కిక్కురుమనవు. దాని పగ అంతా తోటి కోళ్ల మీదే. రెండు పుంజులు ఒక పెరట్లో ఇమడవు. పెట్టలు కూడా కొట్టుకుంటాయి, వాటి పిల్లలైతే రెండు నెలలు నిండకముందే మొదలుపెడతాయి. గుడ్లు ఏడాదికి యాభై దాటడం కష్టం. అన్నిటికీ మించి, నెత్తురోడుతున్న కోడిని మీ పాప చూడకూడదు. సంక్రాంతి దగ్గరపడేసరికి అలాంటి పుంజు ఉన్న ఇంటికి ఎవరెవరో బేరానికి రావడం మొదలవుతుంది, అదొక టెన్షన్. వద్దు.

నా సలహా వనరాజా. హైదరాబాదులో రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం ఇది. చూడటానికి నాటుకోడిలా రంగురంగుల ఈకలు, ఒళ్లు మాత్రం బరువు. ఆ బరువు వల్లే నెమ్మది. ఎక్కువ ఎగరదు, మేత గిన్నె చప్పుడైతే కాళ్ల దగ్గరికే వచ్చి నిలబడుతుంది, ఎత్తుకుంటే పెద్దగా గింజుకోదు. ఆరో నెలలో గుడ్డు మొదలుపెడుతుంది. పెరట్లో తిరిగి మేస్తూ ఏడాదికి నూరు, నూట పది గుడ్లు పెడుతుంది, గుడ్డు కూడా నాటుగుడ్డు కన్నా పెద్దది. ఇంకో రకం గ్రామప్రియ, అదీ అక్కడి నుంచే వచ్చింది. ఒళ్లు తేలిక, గుడ్లు నూట అరవై దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చురుకైనది, వనరాజా అంత సాధువు కాదు. ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే నేను గ్రామప్రియే చెప్పేదాన్ని. మీకు నాలుగు వనరాజా పెట్టలు, రెండు గ్రామప్రియ పెట్టలు అయితే అన్ని విధాలా సరిపోతుంది. ఆరూ ఒకే వయసువి, ఒకే రోజు తెచ్చుకోండి. కలిసి పెరిగినవి పెద్దగా పొడుచుకోవు. ఉన్న గుంపులోకి తర్వాత ఒక్కదాన్ని తెచ్చి వదిలితే మిగిలినవన్నీ కలిసి దాని నెత్తి పొడుస్తాయి. తప్పనిసరి అయితే కొత్తదాన్ని ఒక వారం వల అవతల ఉంచి, ఒకదాన్నొకటి చూసుకోనిచ్చి, చీకటి పడ్డాక గూట్లో కలపాలి.

వనరాజాతో ఒక జాగ్రత్త ఉంది. దానికి తిండి మీద ఆశ ఎక్కువ. పిల్లలు ముద్దుకొద్దీ అన్నం, బిస్కెట్లు పెడుతూనే ఉంటారు. ఒళ్లు కొవ్వు పట్టిందంటే గుడ్లు తగ్గిపోతాయి. పగలంతా పురుగూ పుట్రా, గడ్డీ గాదమూ అదే ఏరుకుంటుంది. పొద్దున కొంచెం, సాయంత్రం గూటికి వచ్చేముందు ఇంకొంచెం నూకలు, సజ్జలు, తవుడు కలిపి గుప్పెడు చాలు. గుడ్లు మొదలయ్యాక ఆల్చిప్పల పొడి ఒక చిప్పలో విడిగా పెట్టు. మీకు సముద్రం దగ్గరే కాబట్టి దొరకడం కష్టం కాదు. గుడ్డు పెంకు గట్టిపడటానికి అది కావాలి.

పుంజు మాటకొస్తే, మీకు అసలు అవసరం లేదు. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదని మన వైపు చాలామంది నమ్ముతారు. పుంజు లేకపోయినా పెడుతుంది. అది పొదిగితే పిల్ల కాదు, అంతే తేడా. వయసుకొచ్చిన పుంజు ఎంత మంచి రకమైనా ఏదో ఒక రోజు చిన్నపిల్లల మీదికి కాళ్లెత్తి దూకుతుంది. దాని కాలి ముల్లు నాలుగేళ్ల పిల్ల ముఖం ఎత్తులో ఉంటుందని గుర్తుపెట్టుకో. పాపకు ఏడెనిమిదేళ్లు వచ్చాక, గుడ్లు పొదిగించి కోడిపిల్లలు చేయించాలనిపిస్తే, అప్పుడు ఒక్క పుంజును తెచ్చుకోండి.

ఈ ఆరింటితో పాటు ఒక నాటుపెట్ట ఉండాలని నా కోరిక. వనరాజా, గ్రామప్రియ పొదగడానికి కూర్చునే అలవాటును దాదాపు పోగొట్టుకున్నాయి. నాటుపెట్ట పది, పన్నెండు గుడ్లు కడుపు కింద పెట్టుకుని 21 రోజులు కదలకుండా కూర్చుంటుంది. అందుకని కూడా కాదు. నాటుపెట్టకు ఆకాశం మీద ఒక కన్ను ఉంటుంది. గద్ద నీడ కనపడగానే అది అరిచే అరుపుకు మిగిలినవన్నీ చెట్టు కిందికి దూరతాయి. వనరాజాకు ఆ తెలివి తక్కువ, పరుగూ తక్కువ. మీ పొలాల వైపు ముంగిసలు, అడవిపిల్లులు కూడా తిరుగుతాయి. ఆ పెట్ట ఒక్కటి ఉంటే మిగిలిన ఆరింటికీ కాపలా. మా కనిగిరి వైపు మెడ మీద ఈకలు లేని నాటుకోళ్లు ఉంటాయి, చూసేవుంటావు. అందంగా ఉండవని ఎవరూ కొనరు గానీ, ఆ మెడ వల్లే ఒంట్లో వేడి బయటికి పోయి మండు వేసవిని సులువుగా తట్టుకుంటాయి. నాకు అవంటే ఎంతో ఇష్టం.

పాప ఫోన్‌లో చూసి అడుగుతోందన్న తెల్ల బొచ్చు కోడి పేరు సిల్కీ. కాళ్ల నిండా ఈకలుండే పెద్ద కోడి బ్రహ్మ. బొద్దుగా పసుపు రంగులో ఉండేది ఇంగ్లండు నుంచి వచ్చిన ఆర్పింగ్టన్. మూడూ మహా సాధువులు, పిల్లల ఒడిలో నిద్రపోతాయి, అందులో అనుమానం లేదు. కానీ ఆ దట్టమైన ఈకలు చలిదేశాలకు తగినవి. నెల్లూరు రోహిణి కార్తెలో అవి పడే బాధ చూడలేం. సిల్కీ బొచ్చుకు నీళ్లు జారవు, కార్తీక మాసం వానల్లో తడిసిందంటే ఆరదు, వణికి జబ్బు పడుతుంది. బ్రహ్మ కాళ్ల ఈకలకు బురద గడ్డకడుతుంది. పాపకు ఇదంతా నెమ్మదిగా చెప్పు, అర్థం చేసుకుంటుంది.

కొనేటప్పుడు మోసపోకండి. బండి మీద గంపల్లో తెచ్చి రంగుకోడిపిల్లలన్నిటినీ వనరాజా, గిరిరాజా అని అమ్మేవాళ్లు ఉన్నారు. గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసిన పిల్లల జోలికి అసలు పోవద్దు. అవి చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీల్లో మిగిలిన పుంజు పిల్లలు. టీకాలు ఉండవు, వారం తిరక్కుండా ఒక్కొక్కటే చచ్చిపోతుంటే పిల్లలు ఏడుస్తారు. నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి, ప్రకాశం వైపు అయితే దర్శిలో ఉంది. నమ్మకమైన పిల్లలు ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. నేనైతే ఒకరోజు పిల్లలను వద్దంటాను. నాలుగు నుంచి ఆరు వారాలు పెంచి, టీకాలు వేసి అమ్మేవి తీసుకోండి. బల్బు కింద వెచ్చగా ఉంచే పని తప్పుతుంది, ఆ వయసుకు పెట్ట ఏదో పుంజు ఏదో తల మీది జుట్టును బట్టి కొంత తెలుస్తుంది. కళ్లు మెరుస్తూ ఉండాలి, వెనకభాగం పొడిగా శుభ్రంగా ఉండాలి, ముక్కులో చీమిడి ఉండకూడదు. గంపలో మూలకు ఒదిగి కళ్లు మూసుకున్నదాన్ని జాలిపడి తేవద్దు.

ఎప్పుడు తేవాలంటే, సంక్రాంతి వెళ్లాక. మనకు పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. తుపాను రోజుల్లో కింద పరిచిన వడ్ల ఊక తడిసి ముద్దవుతుంది, ఆ తడిలో పిల్లకోళ్లకు రక్తపారుడు పట్టుకుంటుంది. ఏప్రిల్, మేలో తెస్తే వడగాడ్పు. జనవరి చివర తెచ్చినవి ఎండలు ముదిరేసరికి కాస్త గట్టిపడతాయి. వేసవిలో మధ్యాహ్నం మేత వేయకు, తిన్నది అరిగేటప్పుడు ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. చెట్టు నీడలో మట్టిదాకల్లో నీళ్లు పెట్టి రెండు మూడుసార్లు మార్చు. గూడుకు రేకులు వేయించి ఉంటే పైన తాటాకు పరిపించు.

మంచి రకం తెచ్చినంత మాత్రాన కోడి మచ్చిక కాదు, సగం మన చేతిలో ఉంది. తెచ్చిన మొదటి వారం వాటిని గూట్లోనే ఉంచు. బాబును రోజూ పొద్దున, సాయంత్రం కాసేపు గూటి దగ్గర నేల మీద కూర్చోమను. పట్టుకోవద్దు, ఊరికే కూర్చోవాలి. అరచేతిలో నానబెట్టిన నూకలు పెట్టుకుని చేయి కిందనుంచి, ఎదురుగా చాపాలి. పైనుంచి వచ్చే చేయి కోడికి గద్దలాగే కనిపిస్తుంది. మేత వేసే ప్రతిసారీ ఒకే పిలుపు పిలవాలి, ఇంట్లో అందరూ అదే పిలుపు. నాలుగైదు రోజులకు ధైర్యమున్న కోడి ఒకటి వచ్చి చేతిలో పొడుస్తుంది, దాన్ని చూసి మిగిలినవి వస్తాయి. ఎత్తుకునేటప్పుడు రెక్కలు రెండూ ఒంటికి ఆనించి, కాళ్ల కింద చేయి పెట్టాలి. రెక్క పట్టి, కాలు పట్టి వేలాడదీస్తే ఆ కోడి ఇక ఎప్పటికీ నమ్మదు. తరిమి పట్టుకునే ఆట ఒక్కరోజు కూడా ఆడనివ్వకు. కోడిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ముద్దులు పెట్టకూడదు. కోళ్ల రెట్టలో ఉండే క్రిములతో చిన్నపిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి.

టీకాల విషయంలో మొహమాటం లేకుండా పశువైద్యశాలకు వెళ్లి అడుగు. కొక్కెర తెగులు వస్తే పెరడంతా రెండు మూడు రోజుల్లో ఖాళీ అవుతుంది, మందు లేదు, టీకా ఒక్కటే దారి. కోడిపిల్లలను కొన్నచోట కొక్కెరకు వేసే లసోటా టీకా, గంబోరో జబ్బు టీకా వేశారో లేదో రాయించుకో. మశూచి టీకా ఆరో వారం దాటాక, రెక్క కింద వేసే కొక్కెర టీకా ఎనిమిది నుంచి పది వారాల మధ్య వేయించాలి. 2024 ఫిబ్రవరిలో మీ కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో, పొదలకూరు మండలం చాటగుట్లలో బర్డ్ ఫ్లూ వచ్చింది. భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబ్ దాన్ని నిర్ధారించింది. అందుకే చెబుతున్నా, చలికాలంలో బయటి పక్షులు దిగే చెరువు గట్టుకు మీ కోళ్లను పోనివ్వకు. ఒకేసారి రెండు మూడు చచ్చిపోతే చేత్తో తాకకండి, కోసి వండకండి, వెంటనే పశువైద్యశాలకు కబురు చేయండి.

పండగ వెళ్లిన మూడో వారంలో మీ పెదనాన్న పని మీద నెల్లూరు వస్తారు. గంపలో ఒక నాటుపెట్టను పంపిస్తాను, మెడ ఈకలు లేనిదే, నిరుడు రెండుసార్లు పిల్లలను చేసింది. ఈలోగా గూటి తలుపుకు గొళ్లెం, కిటికీలకు ముంగిస దూరని సన్న వల వేయించి ఉంచు. పెట్టను దించిన రోజు కాలికి మెత్తటి గుడ్డపేలిక కట్టి గూటి దగ్గరే ఉంచాలి, లేకపోతే కొత్తచోటు తెలియక పక్కవాళ్ల దొడ్డికి పోతుంది.

మీ పెద్దమ్మ
కనిగిరి