ఆఫీసు ఏఐ అసిస్టెంట్‌కి ఏ సెర్చ్ పెట్టాలి? పోస్ట్‌గ్రెస్ చాలా, వేరే వెక్టర్ డేటాబేస్ కొనాలా?

చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న క్లుప్తంగా. మీ కంపెనీలో పాలసీలు, ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన డాక్యుమెంట్లు), హెల్ప్‌డెస్క్ టికెట్లు అన్నీ కలిపి ఒక ఏఐ అసిస్టెంట్ పెట్టమన్నారు. వెండరేమో వెక్టర్ డేటాబేస్ (మాటల అర్థాన్ని అంకెల వరుసలుగా దాచి, దగ్గరి అర్థం ఉన్నవి వెతికేది) లేకుండా పని జరగదంటున్నాడు. మీ డెవలపర్ ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్ అంటున్నాడు. సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎలాగూ ఉంది. లైసెన్సుల గొడవ గురించి కూడా అడిగారు.

పోస్ట్‌గ్రెస్‌తోనే మొదలుపెట్టండి. దాని కీవర్డ్ సెర్చ్, పీజీవెక్టర్ ఎక్స్‌టెన్షన్ ఇచ్చే వెక్టర్ సెర్చ్, రెండూ పక్కపక్కన నడపండి. ఇంకో ఇంజిన్ కావాలో వద్దో ఆ తర్వాత మీ వాళ్లు అడిగే ప్రశ్నలను బట్టి తెలిసిపోతుంది. నేను హైదరాబాద్ శివార్లలో ఒక ఫార్మా ప్లాంటులో ఐటీ చూస్తాను, ఇలాంటి అసిస్టెంట్‌నే నడుపుతున్నాం. కాబట్టి డెమోలో కనపడని సంగతులు కొన్ని చెబుతాను.

మెడికల్ షాపుకి వచ్చేవాళ్లను గమనించండి. ఒకరు మందు పేరు, ఎన్ని ఎంజీ అన్నది కూడా చెప్పి అడుగుతారు, ఇంకొకరు గొంతు గరగరగా ఉందండీ అంటారు. మా ప్లాంటులో అసిస్టెంట్‌ని అడిగేవాళ్లూ అంతే. "క్యూఏ 017 తాజా వెర్షన్ ఏది?" అని క్వాలిటీ వాళ్లు అడుగుతారు. "గ్రాన్యులేషన్ రూమ్‌లో ఆర్‌హెచ్ పెరిగిపోయింది, ఇప్పుడేం చేయాలి?" అని షిఫ్ట్‌లో ఉన్న ఆపరేటర్ అడుగుతాడు. రెండోదానికి జవాబున్న ఎస్‌ఓపీలో ఆర్‌హెచ్ (గాలిలో తేమ) అన్న మాటే ఉండకపోవచ్చు, "ఎన్విరాన్‌మెంటల్ ఎక్స్‌కర్షన్" అని ఉంటుంది. కీవర్డ్ సెర్చ్‌కి అది దొరకదు, వెక్టర్ సెర్చ్ పట్టుకుంటుంది. మొదటి ప్రశ్నలో సరిగ్గా దీనికి ఉల్టా జరుగుతుంది. వెక్టర్‌కి 017, 071 దాదాపు ఒకే చోట కూర్చున్నట్టు కనిపిస్తాయి, ధీమాగా పక్క ఎస్‌ఓపీ తెచ్చి చేతిలో పెడుతుంది.

అందుకే రెండూ కావాలంటున్నాను. కీవర్డ్ సెర్చ్ పాతకాలపు సరుకు అని వెండర్ అంటే నమ్మకండి. చాలా సెర్చ్ ఇంజిన్లు అందులో వాడే బీఎం25 అనే ర్యాంకింగ్ ఫార్ములా 1990ల్లో లండన్‌లోని సిటీ యూనివర్సిటీలో స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం తయారుచేసింది. 2021లో బీఈఐఆర్ అనే పరీక్షలో 18 రకాల డేటాసెట్ల మీద కొత్త న్యూరల్ మోడళ్లతో పోల్చి చూస్తే, ముందెప్పుడూ చూడని విషయాల్లో చాలా మోడళ్లకు దాన్ని దాటడం కష్టమైంది. మీ కంపెనీ డాక్యుమెంట్లు ఏ మోడలూ ముందెప్పుడూ చూడనివే కదా.

రెండు జాబితాలను ఒకటిగా కలపడం పెద్ద పనేం కాదు. కీవర్డ్ స్కోరు, వెక్టర్ స్కోరు వేర్వేరు కొలతలు, వాటిని కూడితే అర్థం లేదు. స్కోర్లను పక్కనపెట్టి ర్యాంకులు మాత్రమే తీసుకోండి. ఒక్కో జాబితాలో ర్యాంకుకి 60 కలిపి, ఒకటిని ఆ మొత్తంతో భాగించి, వచ్చినవి కూడండి. 2009లో వచ్చిన ఈ పద్ధతిని రెసిప్రోకల్ ర్యాంక్ ఫ్యూజన్ అంటారు. ఎస్‌క్యూఎల్‌లో పాతిక లైన్లు కూడా పట్టదు. ఆ తర్వాత పై ఇరవై ముప్ఫై ముక్కలను (డాక్యుమెంట్లను కోసి పెట్టుకున్న భాగాలను) ఒక రీర్యాంకర్ మోడల్‌తో మళ్లీ వరుస పెట్టిస్తే నాణ్యత బాగా మెరుగవుతుంది. దానికి కాస్త సమయం పడుతుంది, కాబట్టి మొదట్లోనే పెట్టక్కర్లేదు.

పోస్ట్‌గ్రెస్ లోపాలు కూడా చెప్పాలి. దాని ర్యాంకింగ్ ఫంక్షన్ బీఎం25 కాదు. ఒక మాట మొత్తం డాక్యుమెంట్లలో ఎంత అరుదుగా వస్తుందన్నది అది చూడదు. ఇంకో చిరాకు, క్యూఏ-017 లాంటి కోడ్ ఇస్తే డిఫాల్ట్ పార్సర్ (టెక్స్ట్‌ని మాటలుగా విడగొట్టేది) హైఫన్‌ని మైనస్ గుర్తు అనుకుని చివరి ముక్కను రుణసంఖ్యగా చదువుతుంది! మేము డాక్యుమెంట్ నంబర్లను హైఫన్లు, ఖాళీలు తీసేసి వేరే కాలమ్‌లో పెట్టాం. ప్రశ్నలో కోడ్ లాంటిది కనిపిస్తే ముందు ఆ కాలమ్‌లోనే సూటిగా వెతుకుతుంది, ఏఐ దాకా పోదు. చిన్న పనే, కానీ మా క్వాలిటీ వాళ్లకి నమ్మకం కుదిరింది దాని వల్లే.

ఇక తెలుగు. మీది కూడా ప్లాంటే అయితే ఇక్కడ టెన్షన్ తప్పదు. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే స్టెమ్మర్లలో (మాట చివర అతుక్కున్నవి తీసేసి మూలరూపం పట్టేవి) హిందీ ఉంది, తమిళం ఉంది, తెలుగు లేదు. సెలవు, సెలవులు, సెలవులకి, సెలవులోంచి అన్నీ దానికి వేర్వేరు మాటలు. విభక్తి అతుక్కున్న ప్రతిచోటా కీవర్డ్ సెర్చ్ తప్పిపోతుంది కాబట్టి తెలుగు డాక్యుమెంట్లకు వెక్టర్ మీదే ఎక్కువ ఆధారపడాలి. అప్పుడు టెక్స్ట్‌ని వెక్టర్‌గా మార్చే మోడల్ ఎంపిక ముఖ్యమవుతుంది. ఇంటర్నెట్‌లో ప్రతి ట్యుటోరియల్‌లోనూ కనిపించే మినీఎల్ఎం మోడల్ ఇంగ్లీషు కోసం చేసింది. పైగా 256 టోకెన్ల (మోడల్ చదివే చిన్న చిన్న మాట ముక్కలు) తర్వాత ఉన్నదాన్ని చప్పుడు చేయకుండా కత్తిరించేస్తుంది. తెలుగు వాక్యానికి టోకెన్లు ఇంగ్లీషు కంటే ఎక్కువ పడతాయి, అంటే మీ పేరాలో సగం దాని కంట్లో పడనే పడదు. మేము బీజీఈ-ఎం3 వాడుతున్నాం. 2024లో వచ్చింది, వందకు పైగా భాషలు, 8192 టోకెన్ల దాకా తీసుకుంటుంది, సొంత సర్వర్‌లో నడపొచ్చు. మల్టీలింగ్వల్ ఈ5 కూడా మంచిదే. కాకపోతే దానికి ప్రశ్న ముందు 'క్వెరీ', డాక్యుమెంట్ ముందు 'పాసేజ్' అని పెట్టి ఇవ్వాలి. అవి లేకుండా ఇచ్చి మోడల్ బాగోలేదని తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

జనం టైప్ చేసేది మాత్రం తెలుగు లిపిలో కాదు. కాంప్ ఆఫ్ ఎప్పటిలోగా వాడుకోవాలి అన్న ప్రశ్న మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లోనే వస్తుంది, వాట్సాప్‌లో కొట్టినట్టే. దీనికి మేము చేసింది, ప్రశ్నను లాంగ్వేజ్ మోడల్‌తో ఇంగ్లీషులోకి తిరగరాయించి, అసలు ప్రశ్ననూ దానినీ రెండిటినీ వెతికించడం. తిరగరాసేటప్పుడు కోడ్లు, అంకెలు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాలి. లేకపోతే అతి తెలివితో వాటినీ సరిదిద్దేస్తుంది.

పాత తెలుగు పీడీఎఫ్‌ల సంగతి వేరే కథ. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం ప్రకారం ఆ ఆర్డర్లను, అంటే కార్మికుల ఉద్యోగ నియమాలను, ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ గేటు దగ్గర బోర్డు మీద పెట్టాల్సి ఉండేది. అందువల్ల పాత ప్లాంట్లలో తెలుగు కాపీలు సాధారణంగా ఉంటాయి. వాటిలో చాలావరకు పేజ్‌మేకర్‌లో 'అను' అనే పాత, యూనికోడ్ కాని ఫాంట్లతో కొట్టినవే. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, కాపీ చేసి పేస్ట్ చేస్తే అర్థంపర్థం లేని గుర్తులు వస్తాయి. ఏ సెర్చ్ ఇంజిన్ కొన్నా దానికి అందేది ఆ గుర్తులే. అవి యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా పేజీని బొమ్మగా తీసి టెస్సరాక్ట్ లాంటి ఓసీఆర్‌తో చదివించాలి. ఓసీఆర్ ఒత్తుల దగ్గర తడబడుతుంది, కాబట్టి ముఖ్యమైన పేజీలు మనిషి చూడాల్సిందే. మా ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది ఈ పనే. వెండర్ కొటేషన్‌లో దీనికి ఒక్క లైను ఉందేమో వెతకండి.

ముక్కలు చేయడం గురించి ఎక్కువ చెప్పను. ఐదొందల టోకెన్లకోసారి కోసేయకుండా ఎస్‌ఓపీలోని సెక్షన్ నంబర్ల దగ్గర కోయండి. ప్రతి ముక్క పైన డాక్యుమెంట్ పేరు, నంబరు, వెర్షన్, అమల్లోకి వచ్చిన తేదీ అతికించండి. టేబుల్‌ని మధ్యలో కోస్తే హెడింగ్ లేని అంకెలు మిగులుతాయి, వాటితో మోడల్ కథలల్లుతుంది.

వెర్షన్ విషయంలో మాత్రం రాజీ పడకండి. పాత ఎస్‌ఓపీకీ కొత్తదానికీ తేడా ఒక ఉష్ణోగ్రత అంకె మాత్రమే కావచ్చు. సెర్చ్ దృష్టిలో రెండూ కవలలు, పాతదే పైకి రావచ్చు. ఫార్మాలో ఆ అంకె తప్పితే బ్యాచ్ పోతుంది, ఆపైన ఆడిటర్ ముందు నిలబడాలి. కాబట్టి రద్దయిన వెర్షన్లు సెర్చ్ టేబుల్‌లోనే ఉండకూడదు. ఉన్నా డిఫాల్ట్‌గా ఫిల్టర్ అయిపోవాలి. "తాజా వెర్షన్ మాత్రమే వాడు" అని ప్రాంప్ట్‌లో రాస్తే సరిపోదు.

అనుమతులూ అంతే. ఎవరు ఏ డాక్యుమెంట్ చూడొచ్చన్నది సెర్చ్ క్వెరీలోనే తేలాలి. మోడల్ చేతికి జీతాల షీటు ఇచ్చి, ఎవరికీ చెప్పకు అనడం భద్రత కాదు. ఇక్కడ పీజీవెక్టర్‌లో ఒక మెలిక ఉంది. హెచ్ఎన్ఎస్‌డబ్ల్యూ ఇండెక్స్ (అన్నీ పోల్చకుండా ఉజ్జాయింపుగా, వేగంగా వెతికే ఏర్పాటు) పెడితే అది ముందు దగ్గరి ముక్కలు తెస్తుంది, ఫిల్టర్ ఆ తర్వాతే పడుతుంది. డిఫాల్ట్‌గా 40 ముక్కల్ని చూస్తుంది. మీ ఉద్యోగికి పది శాతం డాక్యుమెంట్లకే అనుమతి ఉందనుకోండి, సగటున నాలుగు మిగులుతాయి. ఒక్కోసారి అవీ ఉండవు, అసిస్టెంట్ "సమాచారం లేదు" అంటుంది, అందరూ ఏఐని తిడతారు. 2024లో వచ్చిన 0.8 వెర్షన్‌లో ఇటరేటివ్ స్కాన్ అని పెట్టారు, సరిపడా దొరికేదాకా, లేదా పెట్టిన పరిమితి దాకా వెతుకుతూ పోతుంది. దాన్ని ఆన్ చేసుకోవాలి.

అయితే మీ స్థాయికి అసలు ఇండెక్సే అక్కర్లేదేమో చూడండి. ఇండెక్స్ లేకపోతే పీజీవెక్టర్ ప్రతి ముక్కనూ పోల్చి కచ్చితమైన ఫలితం ఇస్తుంది, ఫిల్టర్ గొడవ ఉండదు. 50 వేల ముక్కలు, ఒక్కోదానికి 1024 అంకెలు, అంకెకి నాలుగు బైట్లు అనుకుంటే మొత్తం 205 ఎంబీ. ఈ రోజుల్లో ఫోన్ ర్యామ్‌లో కూడా పట్టే సైజు ఇది. దీనికి నెలనెలా బిల్లు వచ్చే వెక్టర్ డేటాబేస్ ఎందుకో వెండర్‌ని అడగండి.

పోల్చి చూడటం ఎలా అంటారా? హెల్ప్‌డెస్క్ టికెట్లలోంచి, వాట్సాప్ గ్రూపుల్లోంచి నిజంగా వచ్చిన ప్రశ్నలు ఒక వంద ఏరండి, ఐటీ వాళ్లు కూర్చుని ఊహించి రాసినవి వద్దు. ఒక్కోదానికి సరైన సెక్షన్ ఏదో ఆ డిపార్ట్‌మెంట్ మనిషితోనే గుర్తు పెట్టించండి. ఆ సెక్షన్ మొదటి ఐదింటిలో వచ్చిందా లేదా అన్నదొక్కటే లెక్కపెట్టండి, మోడల్ రాసే జవాబు తర్వాత చూడొచ్చు. జవాబే లేని ప్రశ్నలు కూడా కొన్ని కలపండి. ఫిల్టర్ అడ్డుపడకపోతే వెక్టర్ సెర్చ్ ఎప్పుడూ ఖాళీ చేతుల్తో రాదు, ఏదో ఒకటి దగ్గరిది తెస్తుంది. అలాంటప్పుడు దొరకలేదని చెప్పడం మీ అసిస్టెంట్‌కి వచ్చో రాదో అక్కడే బయటపడుతుంది. ఏ వెండర్ వచ్చినా ఈ ఫైలే ఇచ్చి నడపమనండి. మా దగ్గరికి వచ్చిన ఒకాయన శుభ్రమైన ఇంగ్లీషు పీడీఎఫ్‌లతో అద్భుతంగా డెమో ఇచ్చాడు. ఈ ఫైలు పంపాక మళ్లీ ఫోన్ చేయలేదు.

ఎలాస్టిక్‌సెర్చ్ చెడ్డదని కాదు. ముక్కలు పదుల లక్షల్లోకి వెళ్తే, కీవర్డ్ ర్యాంకింగ్ మీద సూక్ష్మమైన పట్టు కావాలంటే, లేదా లాగ్స్ కోసం ఇప్పటికే ఒక క్లస్టర్ నడుస్తుంటే అటే వెళ్లండి. అది పడిపోతే అర్ధరాత్రి లేచి చూసే మనిషి మీ టీమ్‌లో ఉండాలి, అంతే. లైసెన్స్ గొడవ విషయానికొస్తే, 2021లో ఎలాస్టిక్ కంపెనీ అపాచీ అనే ఓపెన్‌సోర్స్ లైసెన్స్ వదిలేసింది, దాంతో అమెజాన్ పాత కోడ్ నుంచి ఓపెన్‌సెర్చ్ మొదలుపెట్టింది. 2024లో ఎలాస్టిక్ మళ్లీ ఏజీపీఎల్ అనే ఓపెన్‌సోర్స్ లైసెన్స్ కూడా ఇచ్చింది, అదే ఏడాది ఓపెన్‌సెర్చ్ లైనక్స్ ఫౌండేషన్ కిందికి వెళ్లింది, దాని లైసెన్స్ అపాచీ 2.0. సొంత ఉద్యోగుల కోసం లోపల వాడుకునేవాళ్లకి దేనితోనూ పెద్ద ఇబ్బంది రాదు. కస్టమర్లకు సర్వీసుగా అమ్మే ఆలోచన ఉంటేనే లీగల్ వాళ్లను అడగండి.

మీ డాక్యుమెంట్లలో స్కాన్ కాపీలు ఎన్ని, పాత ఫాంట్ల తెలుగు ఎంత అన్నది కామెంట్‌లో రాయండి. దాన్నిబట్టి ఓసీఆర్ గురించి ఇంకాస్త వివరంగా చెబుతాను.