హరి అంటే కోతి అని బెంగ వద్దు

బాబుకు హరి అని పేరు పెడదామంటే, దానికి కోతి అనే అర్థం ఉందని మీ బంధువులు వద్దంటున్నారని రాశారు. ఆ అర్థం ఉన్నది నిజమేనండీ. కానీ అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువు ఈ ఒక్క మాటకే విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, చంద్రుడు, సింహం, గుర్రం, చిలుక, పాము, కప్ప అని కూడా అర్థాలు చెప్పింది! వీటిలో కొన్నింటికి మూలం రంగు. వంటింటి పసుపు సంస్కృతంలో హరిద్ర, ఆకుపచ్చ హరితం. చిలుకకు ఆ పేరు ఎలా వచ్చిందో మీకే తెలుస్తుంది. విష్ణువు విషయంలో మాత్రం ‘హృ’ ధాతువు (మాటకు మూలరూపం) చూపి, పాపాలను హరించేవాడని పెద్దలు వివరిస్తారు.

అయినా హనుమంతుణ్ణి కొలిచే మనకు కోతి అంటే అభ్యంతరమెందుకు? నిశ్చింతగా పెట్టుకోండి.