టెక్ సందేహాలు: ఫొటో చూడటానికి యాప్ దేనికి?

ప్రశ్న: సార్, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ‘జేమ్స్ వెబ్ కొత్త ఫొటోలు’ అని ఒక ఫైల్ వచ్చింది. నొక్కితే ఇన్‌స్టాల్ చేయమంది, తర్వాత యాక్సెసిబిలిటీ ఆన్ చేయమంది. రెండూ చేశాను. ఫొటోలు రాలేదు, ఐకాన్ కూడా మాయమైంది. రీస్టార్ట్ చేస్తే సరిపోతుందా? – ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

సరిపోదు. వెంటనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. ఇంట్లో వాళ్ల ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. తర్వాత ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవని పద్ధతిలో) ఆన్ చేసి, సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో దాన్ని వెతికి తీసేయండి. తీయనివ్వకపోతే ఫ్యాక్టరీ రీసెట్ తప్పదు. పాస్‌వర్డ్‌లు మార్చేది వేరే ఫోన్‌లోనే.

నాకు ఎక్కువ భయం ఆ యాక్సెసిబిలిటీ గురించే. చూపులేని వాళ్లకు తెర మీదున్నది చదివి వినిపించడానికి, వాళ్ల బదులు బటన్లు నొక్కడానికి పెట్టిన సౌకర్యం అది. దొంగ యాప్ చేతికి అదే చిక్కితే మీ తెర మీది ప్రతి అక్షరం చదువుతుంది. ఓటీపీ చూస్తుంది, కావలసిన అనుమతులకు తనే ‘అలో’ నొక్కుకుంటుంది. ఫొటో చూపించడానికి ఇవేవీ అక్కర్లేదు. ఫైల్ పేరు చివర ‘ఏపీకే’ ఉంటే అది ఫొటో కాదు, యాప్. పేరు మధ్యలో ‘జేపీజీ’ అని ఉన్నా నమ్మకండి.

ఈ ఎర కొత్తదేమీ కాదు. 2022 జులైలో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ తొలి డీప్ ఫీల్డ్ (సుదూర గెలాక్సీల) చిత్రం వచ్చింది. ఆ తర్వాతి నెలలోనే, కంప్యూటర్ల మీదికి వదిలిన ఒక మాల్‌వేర్ కోడ్‌ను అదే చిత్రంలో దాచారని భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. ఫొటోను చూసినంత మాత్రాన ఏమీ కాదు. మెయిల్‌లో వచ్చిన డాక్యుమెంట్ తెరిచి మాక్రోలను (అందులో ఉండే చిన్న ప్రోగ్రామ్‌లను) నడవనిస్తే, అవి ఆ చిత్రాన్ని దించుకుని అందులోని కోడ్‌ను బయటికి తీసేవి.

ఫోన్ తయారీదార్ల మీదా నాకు కోపం ఉంది. బయటి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఒక మెసేజింగ్ యాప్‌కు ఒక్కసారి ఇస్తే, మనం వెళ్లి ఆపేదాకా అది అలాగే ఉండిపోతుంది. ఒక్కసారికి ఇచ్చింది ఆ ఒక్కసారికే చెల్లాలి కదా! ఇక గ్రూప్ అడ్మిన్‌లు. శ్రీహరికోట ఉన్న జిల్లా మనది, రాకెట్ లేచిన ప్రతిసారీ ఫార్వర్డ్‌లు వరదలా వస్తాయి. ఏపీకే కనబడగానే డిలీట్ చేయడానికి ఎంతసేపు పడుతుంది?

అసలు ఫొటోలు నాసా, ఈసా (యూరప్ అంతరిక్ష సంస్థ), ఇస్రో సైట్లలో ఉచితంగా ఉన్నాయి, లాగిన్ కూడా అడగవు. వెబ్ తీసిన కరీనా నెబ్యులా (నక్షత్రాలు పుట్టే వాయుమేఘం) పూర్తి చిత్రంలో 12 కోట్లకు పైగా పిక్సెళ్లున్నాయి. గ్రూప్‌లో తిరిగి నలిగిన కాపీలో ఆ నక్షత్రాలు సగం కూడా మిగలవు. ఇస్రో విడుదల చేసిన నైసార్ ఉపగ్రహ చిత్రాల్లో మన గోదావరి డెల్టా కూడా ఉంది, తప్పక చూడండి.

ప్రశ్న: నా ఫోన్ జూమ్‌లో చంద్రుడి గుంటలు కూడా కనిపిస్తున్నాయి. నిజమైన ఫొటోనేనా అన్నా? – డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

పరీక్షించి చూడు తమ్ముడూ. చంద్రుడి ఫొటో ఒకటి తీసుకుని బాగా మసకబార్చి, కంప్యూటర్ తెర మీద పెట్టు. గదిలో లైటు ఆపి, దూరం నుంచి ఫోన్‌తో జూమ్ చేసి తీయి. మసక బొమ్మలో లేని గుంటలు నీ ఫొటోలో కనబడితే, అవి సాఫ్ట్‌వేర్ అతికించినవే. 2023లో ఒకరు ఇలాగే చేసి చూపించారు. ఇలా అతికించేటప్పుడు తెర మీద ఆ మాట రాయాలి. రాయని కెమెరాను నేను నమ్మను. నిజమైన గుంటలు కావాలంటే చంద్రయాన్-2 ఆర్బిటర్‌లోని ఓహెచ్‌ఆర్‌సీ కెమెరా చిత్రాలు చూడు. 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి పావు మీటరు వస్తువును కూడా పట్టగలదు. ఆ డేటా ఇస్రో ‘ప్రదాన్’ పోర్టల్‌లో ఉంది. ఫైళ్లు పెద్దవి, మీ కాలేజీ ల్యాబ్‌లో దించుకో.