‘అన్నం’ అన్న మాటను విదేశీ భాషల్లో ఎలా రాయాలి?

చెన్నైలోని మీ తెలుగు భోజనశాల పట్టికలో విదేశీ అతిథుల కోసం ‘అన్నం’ ఎలా రాయాలని అడిగారు. ఫ్రెంచిలో ‘రి’, జర్మన్‌లో ‘రైస్’, స్పానిష్‌లో ‘అరోస్’ చాలు. ఆ భాషల్లో బియ్యానికీ అన్నానికీ మాట ఒకటే. అయితే మనం వడ్లు, బియ్యం, అన్నం అనీ, తమిళులు నెల్, అరిసి, సోరు అనీ విడదీసినట్లే, ఇండొనేషియన్‌లో పాది, బెరాస్, నాసి అనీ, స్వాహిలీలో మ్పుంగ, మ్చెలె, వాలి అనీ మూడు దశలకు మూడు మాటలున్నాయి. కనుక ఇండొనేషియన్ అతిథికి ‘నాసి’ అనే రాయండి. ‘బెరాస్’ అంటే మీది బియ్యం కొట్టనుకుంటాడు. జపనీస్‌లో వండని బియ్యం ‘కొమె’, అన్నం ‘గోహాన్’. భోజనాన్ని కూడా, మనలాగే, వాళ్లు గోహాన్ అనే అంటారు. పాశ్చాత్య వంటకాలతో పళ్లెంలో వడ్డిస్తే మాత్రం అదే అన్నం ‘రైసు’ అవుతుంది.