కుక్కగొడుగులకు మందు కొట్టాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పెంట బాగా తోలి చపాట మిర్చి నాటినం. వానలు పడ్డంక సాళ్ల నడుమ కుక్కగొడుగులు లేచినయ్, తవ్వితే దారాల లెక్క తెల్ల బూజు. షాపులో అడిగితే నేల తడిసేలా బూజు మందు పోయమంటున్నరు. మొక్కలకు తెగులొస్తదా?

జవాబు: పోయకండి, ఆ డబ్బులు జేబులోనే ఉండనివ్వండి. గొడుగు అంటే కాయ లాంటిది, అసలు శిలీంధ్రం మీరు తవ్వినప్పుడు కనబడ్డ తెల్లదారాలే, అవి సగం మాగిన గడ్డిని, పేడను కుళ్లబెట్టుకుని తింటాయి తప్ప పచ్చి వేరు జోలికి రావు. (పెంట పూర్తిగా మాగలేదని కూడా తెలిసిపోయింది, వచ్చే ఏడు ఇంకొన్నాళ్లు కుప్పలోనే ఉంచండి.)

ఒక గొడుగు కాడ తీసేసి, మడతలు కిందికి ఉండేట్టు కాగితం మీద పెట్టి గిన్నె బోర్లించండి. తెల్లారి తీసి చూస్తే గీతలు గీతలుగా పొడి. అవే సిద్ధబీజాలు, లెక్కలేనన్ని. గాలికి పోయి తడీ తిండీ దొరికిన చోట మొలకెత్తి దారాలవుతాయి, జత కుదిరే రెండు దారాలు కలిస్తే మళ్లీ గొడుగు. కూర వండే ఆలోచన మాత్రం వద్దు, పుట్ట మీద లేచేవి వేరు, ఇవి వేరు.

మీరు భయపడాల్సిన దానికి గొడుగే ఉండదు. పండు కాయ మీద గుంటపడ్డ మచ్చ, అందులో వలయాలుగా నల్లచుక్కలు కనిపిస్తే అది కాయకుళ్లు, కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం పని. దీనికి జతతో పని లేదు, ఆ చుక్కల్లోంచే సిద్ధబీజాలు ఊరతాయి, చినుకు పడి చిట్లినప్పుడల్లా పక్క కాయకు అంటుకుంటాయి. చపాటకు చాలామంది సొంత విత్తనమే దాచుకుంటారు, తంటా అంతా అక్కడే: మచ్చ కాయ గింజతో పాటు తెగులునూ మూటగట్టి నారుమడిలో చల్లుకుంటున్నాం. మచ్చలేని కాయలే ఏరి, కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబ్ అనే బూజు మందు పట్టించండి.

ఇంకో మాట. మిరప వేళ్లలో మైకోరైజా అనే శిలీంధ్రం కాపురముంటుంది, వేరు అందుకోలేని చోటి నుంచి భాస్వరం తెచ్చిచ్చి బదులుగా చక్కెర తీసుకుంటుంది. వేరుకుళ్లు రాకుండా ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజును వేసేవాళ్లు కూడా 2 కిలోల పొడిని 90 కిలోల మాగిన పెంట, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీడలో తడి ఆరకుండా ఉంచి, పచ్చ బూజు పట్టాకే చేనుకు తోలతారు. షాపాయన చెప్పిన మందు నేలలో పోస్తే ముందు చచ్చేది ఈ మంచి బూజులే.