సంఘ ఐక్యత అంటే నోరు మూసుకోవడమేనా?

హైదరాబాదులో తెలుగు, ఇంగ్లీషు ఆరాధనలు ఒకే మందిరంలో జరిగే మీ సంఘంలో వేళల గురించి తగవు వచ్చిందనీ, ఇతరులను తనకంటె యోగ్యులని ఎంచడమంటే మౌనంగా సర్దుకుపోవడమేనా అనీ అడిగారు. కాదు. ఆ మాట వచ్చే బైబిలులోని ఫిలిప్పీ పత్రికలోనే, 2:4లో అపొస్తలుడైన పౌలు సొంత కార్యాలను మాత్రమే గాక ఇతరుల కార్యాలను కూడా చూడమన్నాడు గనుక, మన అవసరం చెప్పుకోవడం తప్పు కాదు; అంతియొకయ పట్టణంలో తోటి అపొస్తలుడైన పేతురును ముఖాముఖిగా ఎదిరించినవాడూ ఆయనే. అయితే ఉదయం తొమ్మిది గంటల వేళ తమకే కావాలని పట్టుబట్టేవారు, శివారు నుంచి రెండు బస్సులు మారి వచ్చే ముసలమ్మకు ఏ వేళ అనువో ముందుగా అడిగి తెలుసుకోవాలి. (కమిటీలో ఐక్యత మాట ఎక్కువగా ఎత్తేది సాధారణంగా పెద్ద గొంతున్నవారే.) కానుకల లెక్కల్లో తేడా వస్తే మాత్రం అది సర్దుకుపోయే విషయం కాదు.

ఇరువైపులవారూ మాట్లాడుకుని సర్దుకోవడానికి ఒక ఉదాహరణ చూడండి. 1947 సెప్టెంబరు 27న పలు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు, బిషప్పులు (పాదిరులపై పర్యవేక్షకులు) లేని సంప్రదాయాలవారు బిషప్పుల వ్యవస్థను అంగీకరించారు. బిషప్పులున్న ఆంగ్లికన్లు (ఇంగ్లండు సంఘ సంప్రదాయంవారు) ఇతర సంఘాల పాదిరులకు మళ్ళీ అభిషేకం చేయాలని పట్టుబట్టకుండానే వారిని పాదిరులుగా స్వీకరించారు. దీనికి దాదాపు ముప్పై ఏళ్ళ చర్చలు పట్టాయి.